ఇంతేనా తినేది? ఇది కూడా తింటావా?

మా వీధిలో ఒకమ్మాయి బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకోబోతా ఉంది. మొన్న ఇంటికొచ్చి కూర్చుని నొప్పి గురించి అడగలేదు, ఖర్చు గురించి అడగలేదు, "అక్కా, పెళ్ళిళ్ళకి ఎట్టా పోతా ఉన్నావు, అందరూ చూస్తా ఉంటే ఎట్టా తింటా ఉన్నావు" అనింది. సరైన ప్రశ్న అడిగింది అనిపించింది నాకు. ఎందుకంటే డాక్టరు గారు, డైటీషియన్ మేడమ్ నాకు అన్నీ చెప్పారు, ప్రొటీను ఎంత, నీళ్ళు ఎప్పుడు తాగాలి, ఏ టాబ్లెట్ ఏ టైముకి అన్నీ కాగితం మీద రాసిచ్చారు, ఈ ఒక్కటి మాత్రం ఆ కాగితంలో లేదు. ఆ అమ్మాయికి ఆ పూట సగం సగం చెప్పా, మిగతాది ఇక్కడ రాస్తా ఉన్నా, ఇంకెవరికైనా కూడా పనికొస్తుందని.

నాది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ, అంటే పొట్టని కోసి చిన్నది చేసే ఆపరేషన్. నెల్లూరు నుంచి చాలామంది మాదిరే చెన్నై పోయి చేయించుకున్నాం. షుగరు, మోకాళ్ళు, రాత్రి నిద్రలో ఊపిరి ఆగి ఆగి లేచి కూర్చోవడం, ఈ మూడూ కలిసి తోసుకుంటా పొయ్యాయి ఆపరేషన్ దాకా. అదంతా ఇంకోసారి రాస్తాను. ఇప్పుడు కంచం గురించే.

ఆపరేషన్ అయినాక చూసే చూపులు రెండు రకాలు. ఒకటి "ఇంతేనా తినేది, ఇట్టా తింటే ఎట్టా బతుకుతావు". రెండోది "ఇది కూడా తింటావా, నువ్వు తినొచ్చా ఇది". విచిత్రం ఏందంటే ఒకే మనిషి మధ్యాహ్నం భోజనాల దగ్గర మొదటిది అంటది, సాయంత్రం కాఫీల దగ్గర మైసూర్ పాక్ ముక్క తుంచుకుంటే రెండోది అంటది. నేను ఎంత తిన్నా తప్పే ఎంత తినకపోయినా తప్పే. మొదట్లో ఇదంతా మాటలే కదా పోనీలే అనుకుందామని చూశా, కానీ ఇది మాటల దగ్గర ఆగేది కాదు, తిన్నగా పొట్ట మీదికే వస్తుంది. అందుకే లోపల ఏం జరిగిందో ముందు చెప్పాలి.

స్లీవ్‌లో పొట్టని నిలువునా కోసి దాదాపు 75 నుంచి 80 శాతం తీసేస్తారు. మిగిలేది అరటికాయ ఆకారంలో సన్నటి గొట్టం. మొదట్లో అందులో పట్టేది 100, 150 మిల్లీలీటర్లు, అంటే చిన్న టీ గ్లాసుడు. తీసేసిన భాగంలోనే ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది, అందుకే మొదటి నెలల్లో ఆకలే తెలీదు, గడియారం చూసుకుని తినాలి. ఇంకో రకం ఆపరేషన్ గ్యాస్ట్రిక్ బైపాస్ (గుండెది కాదు, పొట్టది) చేయించుకున్నవాళ్ళకైతే పైన మిగిల్చే సంచి ఇంకా చిన్నది, 30 మిల్లీలీటర్ల దగ్గర. సరే, ఆ గొట్టంలోకి ముద్ద నిదానంగా, మెత్తగా నమిలి, ఒకటి దిగినాక ఒకటి పోవాలి. పక్కన ఎవరో మన నోటి వంక చూస్తా ఉన్నారనుకోండి, మనకి తెలీకుండానే తొందర వస్తుంది, సరిగా నమలం, వాళ్ళ మాట ఆపేదానికి ఇంకో ముద్ద పెట్టుకుంటాం. ఆ ఒక్క ముద్ద చాలు. రొమ్ము మధ్యలో ఎముక వెనకాల ఇరుక్కున్నట్టు నొప్పి, నోట్లో నురగ నురగగా నీళ్ళు ఊరడం, లేచి బాత్రూముకి పరిగెత్తడం. అప్పుడు పక్కన ఉన్న పెద్దావిడ ప్రేమగా "నీళ్ళు తాగమ్మా దిగుద్ది" అని గ్లాసు అందిస్తది, ఆ నీళ్ళు తాగితే ఇంకా ఎక్కువవుద్ది, ఎందుకంటే అక్కడ చోటు లేదు, నీళ్ళు కూడా పైకే వస్తాయి. తినేటప్పుడు నీళ్ళు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగి గుక్క గుక్కగా తాగాలి అని చెప్పేది ఇందుకే.

అందుకే నేను గట్టిగా చెప్తా ఉన్నా, మొహమాటానికి ముద్ద తినడం మనకి మర్యాద సంగతి కాదు, వైద్యం సంగతి. ఎదుటివాళ్ళ మనసు నొచ్చుకుంటుందని మనం తిన్న ముద్దకి మన ఒళ్ళు నొచ్చుకుంటుంది. ఈ మాట నాకు బాగా ఎక్కినాక మిగతాదంతా సులువయింది, ఎవరికి ఏం చెప్పాలో ఎవరికి చెప్పక్కర్లేదో తేలిపోయింది.

మా జిల్లాలో ఇది ఇంకొంచెం కష్టం. నెల్లూరోళ్ళకి అన్నం అంటే ఏందో తెలుసు కదా, మొలగొలుకుల బియ్యం పండిన నేల ఇది. అన్నం వద్దంటే అది తిండి వద్దన్నట్టు కాదు, ఇల్లునే వద్దన్నట్టు వినపడుద్ది వాళ్ళకి. నాకేమో అన్నమే పడదు. ఆపరేషన్ అయిన కొత్తలో మెతుకులు జిగురుగా ముద్ద కట్టి నిలబడిపొయ్యేవి, ఇప్పుడు రెండు మూడు స్పూన్లు దిగుద్ది గానీ, ఆ కొంచెం చోటుని అన్నంతో నింపేస్తే ప్రొటీనుకి చోటు ఉండదు. రోజుకి 60 నుంచి 80 గ్రాముల ప్రొటీను రావాలి, ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములు, లెక్క వేసుకోండి. కాబట్టి మొదట చేప, గుడ్డు, పప్పు, పెరుగు, పనీర్, తర్వాత కూర, ఆ తర్వాత చోటుంటే అన్నం.

మన అదృష్టం ఏందంటే మనది చేపల ఊరు. మెత్తగా ఉంటుంది, సులువుగా దిగుద్ది, చికెన్ మాదిరి పీచు పీచుగా అడ్డం పడదు, 100 గ్రాముల ముక్కలో 18, 20 గ్రాముల దాకా ప్రొటీను. మామిడికాయ వేసి రాత్రి కాచిన కొరమీను పులుసు పొద్దున్నే ముక్క ఒకటి గిన్నెలో వేసుకుని, ముల్లు తీసుకుంటా, పైన రెండు స్పూన్లు పులుసు పోసుకుని నిదానంగా తింటే అంతకన్నా ఏం కావాలి నాకు. కానీ అది చూసి మా వాళ్ళు పడిన బాధ అంతా ఇంతా కాదు. "అన్నం లేకుండా పులుసు తినేది ఏందమ్మే, ఎవురన్నా చూస్తే ఏమనుకుంటారు" అని మా పెద్దమ్మ. మా చిన్నాయన అయితే పక్కన కూర్చుని ఉత్త చేప ముక్క తినేదాన్ని చూడలేక లేచి పొయ్యాడు ఒకసారి. ఆయనకి నేనంటే ప్రాణం, చిన్నప్పుడు మైపాడు తీసుకుపొయ్యి బీచ్‌లో చేపల వేపుడు కొనిపెట్టినవాడు, ఆయనకి అది చూస్తే బిడ్డ పస్తు ఉన్నట్టు అనిపించింది. అది కోపం కాదు. అందుకని ఆయనకి మాత్రం నేను పూర్తిగా చెప్పుకున్నా, బొమ్మ గీసి చూపించా పొట్ట ఎంత ఉండేది ఎంత ఉంది అని. ఆ తర్వాత ఆయనే పొద్దున్నే మార్కెట్‌కి పొయ్యి ముళ్ళు తక్కువ ఉండే చేప ఏరి తెస్తా ఉన్నాడు.

మా అమ్మది ఇంకో కథ. అమ్మ కావలిలో ఉంటది. కూతురు ఇంటికొస్తే పొయ్యి ఆర్పని మనిషి, నేను నాలుగు స్పూన్లు తిని చెయ్యి కడుక్కుంటే ఆమె ఏమీ అనదు, లోపలికి పొయ్యి గిన్నెలు సర్దతా ఏడుస్తది. ఇది చాలా బాధ పెట్టింది నన్ను, అడిగేవాళ్ళకి జవాబు చెప్పొచ్చు, ఏడ్చేవాళ్ళకి ఏం చెప్పాలి. చివరికి చెన్నైలో చెకప్‌కి పొయ్యేటప్పుడు ఆమెని కూడా తీసుకుపొయ్యా, డైటీషియన్ ఎదురుగా కూర్చోబెట్టా, నేను చెప్తే కూతురి మాట, ఆమె చెప్తే డాక్టరమ్మ మాట. పిల్లకి ఏం పెట్టమంటారు అని అమ్మే అడిగింది, ఆమె ఓపిగ్గా చెప్పింది, పప్పు చిక్కగా, గుడ్డు పొరటు మెత్తగా, పెరుగు గుడ్డలో కట్టి నీళ్ళు పోయినాక వచ్చే గట్టి పెరుగు, పెసరట్టు పల్చగా చిన్నది. అమ్మకి చేసేదానికి పని దొరికింది. ఇప్పుడు నేను పోతే చిన్న చిన్న గిన్నెల్లో అన్నీ చేసి పెట్టి ఉంచుద్ది, గంట గంటకి ఒకటి ఇస్తది, తినేటప్పుడు పక్కన కూర్చోదు. ప్రేమతో అడిగేవాళ్ళకి వద్దు వద్దు అని చెప్పడం కన్నా ఇది చెయ్యి అని ఏదో ఒక పని చెప్పడం మేలు, వాళ్ళు ఊరికే ఉండలేరు.

ఇప్పుడు పెళ్ళిళ్ళు. అత్తగారి ఊరు ఆత్మకూరు దగ్గర పల్లె, ఆకుల్లో భోజనం, బంతిలో కూర్చుంటే తప్పించుకునేదానికి లేదు. వడ్డించే క్యాటరింగ్ కుర్రాళ్ళకి వద్దు అనే మాట వినపడదు, వాళ్ళ చెయ్యి ఆగదు, పులిహోర, చక్కెర పొంగలి, బొబ్బట్టు, వడ, ముద్దపప్పు, నెయ్యి, చూస్తా ఉండగానే ఆకు నిండిపోద్ది, ఇక వదిలేస్తే అన్నం పారేశారని పెద్దోళ్ళ చూపులు. వాళ్ళని తప్పు పట్టను, గింజ విలువ తెలిసిన మనుషులు వాళ్ళు, పారెయ్యడం నాకూ ఇష్టం ఉండదు. అందుకే నేను ఏం చేస్తానంటే ఇంట్లోనే రెండు గుడ్లు తినేసి బయల్దేరతా, ఆకలితో పోను. బంతిలో మా ఆయన పక్కనే కూర్చుంటా, బంతి మొదట్లో కాదు చివర్లో, వడ్డన మన దాకా వచ్చేసరికి మనకి కావలసింది చూసుకునే టైము ఉంటది. ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టేస్తా, మాట కన్నా చెయ్యి బాగా పని చేస్తది. పప్పు ఒక గరిటె, కూర ఒకటి, పెరుగు, అంతే. పొరపాటున పడిన వడో బొబ్బట్టో ఎంగిలి కాకముందే ఆయన ఆకులోకి పోతాయి. నిదానంగా తింటా ఉంటే అందరూ లేచేసరికి నేనూ లేస్తా, మధ్యలో ముందే లేస్తేనే అందరికీ కనపడతాం. బఫే అయితే ఈ తిప్పలు లేవు, చిన్న ప్లేటు తీసుకుని నిలబడి మాట్లాడతా తింటే ఎవరూ పట్టించుకోరు, ఊళ్ళో పెద్దోళ్ళు బఫేని ఎన్ని తిట్టినా నాకైతే అదే నయం.

తిండి చుట్టూ జనం ఉండి కూడా ఎవరూ లెక్క చూడని చోటు ఒకటి చూశా నేను. మొహర్రం అప్పుడు మన రొట్టెల పండగ. బారా షహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో నిలబడి ఆరోగ్య రొట్టె పట్టుకున్నా, ఇచ్చినామె ఎవరో కూడా తెలీదు, ఏ ఊరో తెలీదు, నా చేతిలో పెట్టి దణ్ణం పెట్టుకుని పొయ్యింది. నేను గోరంత తుంచి నోట్లో వేసుకుని మిగతాది మా వాళ్ళకి పంచా. ఇంతేనా అని ఎవరూ అనలేదు. ఇంట్లో కూడా ఇట్టా ఉండొచ్చు కదా అనిపించింది.

రెండో రకం చూపు నాకు ఎక్కువగా స్కూల్ స్టాఫ్ రూములో. నేను టీచర్ని. ఎవరిదో పుట్టినరోజు, కేకో మలై కాజానో వస్తుంది, నేను చిన్న ముక్క తీసుకోగానే "మేడమ్ మీరు తినొచ్చా? ఆపరేషన్ చేయించుకున్నారు కదా, మళ్ళీ పెరగరా?" అని అందరి ముందూ. ఇది అడిగేవాళ్ళలో నా ఆరోగ్యం మీద నిజంగా బెంగ ఉన్నవాళ్ళు తక్కువ. నిజమే, తీపి మనకి జాగ్రత్త, ముఖ్యంగా బైపాస్ చేయించుకున్నవాళ్ళకి తీపి ఎక్కువైతే డంపింగ్ అంటారు, చెమటలు, గుండె దడ, కళ్ళు తిరగడం, విరేచనాలు, స్లీవ్ వాళ్ళకి కూడా రావొచ్చు. అది నాకు తెలుసు, అది పడేది నా ఒళ్ళు. ఎంత తినాలో, భోజనం అయినాక తినాలా ముందా అనేది నేనూ నా డైటీషియనూ మాట్లాడుకుంటాం. నేను చెప్పే జవాబు ఒకటే, నవ్వతా, గొంతు పెంచకుండా, "అది డాక్టరుగారూ నేనూ చూసుకుంటాం మేడమ్, మీ పరీక్ష పేపర్లు దిద్దడం అయిందా" అంటా. జవాబు చిన్నది చెప్పి వెంటనే వేరే మాటలోకి పోవాలి. వివరం చెప్పేకొద్దీ ఇంకో ప్రశ్న వస్తది, మన కడుపు గురించి సభ పెట్టినట్టు అవుద్ది.

మళ్ళీ పెరుగుతావులే అనే మాట మాత్రం గుండెకి తగులుతుంది. కొందరికి కొన్నేళ్ళ తర్వాత కొంత బరువు తిరిగి రావడం ఉంది, పొట్ట కొంచెం సాగుతుంది, ఆకలి మళ్ళీ కొంత వస్తుంది. అది తప్పు చేసినందుకు పడే శిక్ష కాదు, ఊబకాయం అనేది బీపీ మాదిరి జీవితాంతం చూసుకోవలసిన జబ్బు. బీపీ మాత్ర వేసుకునేవాళ్ళని పట్టుకుని మళ్ళీ పెరుగుద్దిలే అని పందెం కాసేవాళ్ళు ఉన్నారా?

ఇంకో మాట, "నువ్వు మరీ అంత లావు కూడా లేవు, వాకింగ్ చేసుంటే పోయేది, ఆపరేషన్ దేనికి" అనేది. 1991లో అమెరికాలో పెట్టిన లెక్క ప్రకారం బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంత ఉందో చెప్పే లెక్క) 40, లేదంటే జబ్బులుంటే 35 దాటాలి ఆపరేషన్‌కి. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు దాన్ని మార్చాయి, మన ఆసియా వాళ్ళకి తక్కువ బరువుకే షుగరు లాంటివి వస్తాయి కాబట్టి 27.5 నుంచే ఆలోచించొచ్చు అన్నారు. కంటికి కనపడే లావు కొలత కాదు. ఇది నేను అందరికీ చెప్పను, నిజంగా తెలుసుకోవాలని అడిగినవాళ్ళకి చెప్తా, వాళ్ళలో ఇద్దరు ముగ్గురు తర్వాత డాక్టరు దగ్గరికి పొయ్యారు కూడా.

అసలు ఆపరేషన్ సంగతి చెప్పాలా వద్దా అనేది మీ ఇష్టం, ఎవరికీ బాకీ లేరు. నేను ఎక్కువమందికి చెప్పదల్చుకోలేదు, కానీ మా అత్తమ్మ ఒక శుభకార్యంలో ఎవరో నన్ను గుచ్చి గుచ్చి అడుగుతా ఉంటే ఉండబట్టలేక "దాని పొట్ట చిన్నది చేశారు, దాన్ని గమ్మున తిననీండి" అని గట్టిగా అనేసింది, ఊరంతా తెలిసిపోయింది. ఆ పూట నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ మనిషి నా కోసం నోరు తెరిచింది కదా అని కళ్ళల్లో నీళ్ళు వస్తాయి. చెప్పకూడదు అనుకుంటే మాత్రం "కడుపు ఇబ్బంది ఉంది, డాక్టరు కొంచెం కొంచెం తినమన్నాడు" అంటే చాలు, అందులో అబద్ధం ఏమీ లేదు.

చిక్కిపొయ్యావు, మొహం పీక్కుపొయ్యింది, జుట్టు ఊడిపొయ్యింది, ఏదన్నా పెద్ద జబ్బా అని చెవులు కొరుక్కోవడం కూడా ఉంటది. మూడు నెలల నుంచి ఆరు నెలల మధ్య జుట్టు ఊడటం మామూలే, ఒంట్లో బరువు వేగంగా దిగినప్పుడు అట్టా అవుద్ది, ప్రొటీను, ఐరన్ సరిగా అందితే మళ్ళీ వస్తది. నాకు వచ్చింది.

ఇంతా చెప్పి ఎవరూ నన్ను చూడొద్దు అని మాత్రం అనను. చూడాల్సినవి ఉన్నాయి, అవి కంచంలో ఉండవు. మా ఆయనకి నేను చెప్పి పెట్టుకున్నా, నేను ఎంత తిన్నానో చూడబాకు, ఇవి చూడు అని. రోజుల తరబడి వాంతులు అవుతా ఉంటే, మంచినీళ్ళు కూడా దిగకపోతే ఊరికే సర్దుకుంటుందిలే అనుకోవద్దు, వెంటనే ఆస్పత్రికి తీసుకుపో, ఎందుకంటే బి1 విటమిన్ నిల్వ ఒంట్లో కొన్ని వారాలే ఉంటది, అది అయిపోతే చూపు రెండుగా కనపడటం, నడక తూలడం, మాట తికమక పడటం దాకా పోతది, లేటయితే తిరిగి రాని నష్టం. కాళ్ళు తిమ్మిర్లు అంటే బి12 విటమిన్ తగ్గిందేమో చూపించు. తిన్నాక కుడి పక్క డొక్కలో నొప్పి అంటే పిత్తాశయంలో రాళ్ళేమో చూపించు, బరువు వేగంగా తగ్గినవాళ్ళకి అవి వస్తాయి. తలనొప్పి అంటే ఇంట్లో ఉన్న పెయిన్ కిల్లర్ ఇచ్చెయ్యబాకు, ముందు డాక్టర్ని అడుగు. ఐరన్, కాల్షియం రెండు గంటల తేడాతో వేసుకోవాలి, పెళ్ళిళ్ళ సీజన్లో నేను మర్చిపోతా, నువ్వు గుర్తు చెయ్యి. ఏడాదికి ఒకసారి రక్త పరీక్షలు, అది జీవితాంతం.

ఆయన ఇవన్నీ ఫోన్లో రాసి పెట్టుకున్నాడు. ఈసారి పరీక్షలు దసరా సెలవుల్లో పడతాయి, పినాకిని రైలుకి టికెట్లు తీసేశాం, మా వీధి అమ్మాయి కూడా డాక్టర్ని కలిసేదానికి మాతోనే వస్తా ఉంది.